వార్నిష్ వేసిన బాతు

ఎలియాజరు గారి నోరు మంచిది కాదు. ఆయన గురించి రాసేటప్పుడు ముందు ఆ మాట చెప్పేయాలి, లేకపోతే ఆయనకే నచ్చదు. కెనడాలో, హాలిఫాక్స్‌లోని ఒక ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఎక్స్‌రేలు తీశారు. "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అని రోగుల్ని గదమాయించడం అలవాటై, రిటైరయ్యాక అదే గదమాయింపు మా అందరికీ పంచిపెట్టారు. నేను రెండు వీధుల అవతల ఉంటాను. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. గుడ్డు కూడా ముట్టను. బాతుల్ని కాల్చే మనిషితో మీకు స్నేహమేమిటని మా ఆవిడ శ్యామల ఇప్పటికీ అడుగుతుంది. మంచు పడే నెలల్లో తెలుగులో తిట్టే మనిషి దొరకడం కూడా అదృష్టమే అంటాను.

ఆయన బేస్‌మెంట్‌లో పన్నెండు చెక్క బాతులు ఉండేవి. పక్కింటి ముసలాయన మర్రే వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతూ ఇచ్చినవి. మర్రే తండ్రి చెక్కినవట. వాటిని నీళ్ళ మీద వదిలి రెల్లు పొదల్లో దాక్కుంటే, పైన ఎగిరే నిజం బాతులు తమవాళ్ళే అనుకుని దిగుతాయి. ఇక్కడ వాటిని డెకాయ్‌లంటారు. ఎలియాజరు గారు కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి కనక దీమాలు అనేవారు.

"మా నాన్న కుండ తలకి బోర్లించుకుని పీకల్లోతు నీళ్ళలో నడిచేవాడు మాస్టారూ. ఏదో కుండ తేలుతోందనుకునేవి పిట్టలు, కింద నుంచి కాళ్ళు పట్టి లాగేవాడు. దాంతో పోలిస్తే ఇది దొరల పని" అనేవారు.

దొరల పనైనా తక్కువ పనేం కాదు. ఆ బాతులు వచ్చినప్పుడు కొన్నింటికి ముక్కులు లేవు, కొన్నింటి మెడలు ఊగేవి. ఆయన సన్నటి సూదితో పొడిచి చెక్క ఎక్కడ మెత్తబడిందో చూసేవారు. అంతమేర తొలిచి కొత్త చెక్క అతికేవారు. పగుళ్ళలో పుట్టీ, ఊగే మెడలోకి కర్రమేకు, తిరగబడకుండా కడుపు కింద సీసపు పట్టీ, కొట్టుకుపోకుండా తాడూ బరువూ. చివరికి రంగు. కష్టమంతా ఆ రంగులోనే ఉంది. మెరుపన్నది ఉండకూడదు. ఎండ పడి ఒక్కసారి తళుక్కుమంటే చాలు, బాతు అర మైలు అవతలి నుంచే మలుపు తిరిగి పోతుంది. అందులోనూ ఇక్కడి నల్లబాతు మహా అనుమానపు పక్షి.

ఆయన భార్య జ్ఞానవతి గారేమో మెరవని వస్తువును ఇంట్లో ఉండనిచ్చే మనిషి కాదు. స్టీలు గిన్నెలు, కిటికీ అద్దాలు, పియానో మూత, అన్నీ మెరవాల్సిందే. నాలుగేళ్ళ కిందట అక్టోబరులో ఆయన బాతులన్నిటికీ రంగు ముగించి, చర్చి కమిటీ మీటింగుకని రెండు రోజులు ఊరు వెళ్ళారు. ఆవిడ బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే బాతులు బూడిద పూసినట్టున్నాయి. పక్కనే నేలకు వేయగా మిగిలిన వార్నిష్ డబ్బా ఉంది. పన్నెండింటికీ రెండేసి పూతలు వేసింది, కడుపులు కూడా వదలకుండా. ఆరబెట్టి, సంచిలో సర్ది, మూతి కట్టి పెట్టింది. ఆయన వచ్చి, మర్నాడు తెల్లవారకముందే ఆ సంచి అలాగే మోసుకెళ్ళి చీకట్లో బాతుల్ని నీళ్ళలో వదిలారు. పొద్దెక్కాక చూస్తే పన్నెండూ తళతళలాడుతున్నాయి. సాయంత్రం దాకా ఒక్క పిట్ట దిగలేదు.

ఆ రాత్రి వాళ్ళింట్లో మాకు భోజనం. ఆయన తడి బూట్లతోనే వచ్చారు.

"నీకు తెలీని పనిలో చెయ్యెందుకు పెట్టావు?"

"మసిబారినట్టున్నాయని... కాస్త షైన్ వస్తే మీరు సంతోషపడతారనుకున్నానండీ" అంది ఆవిడ.

"నేను వెళ్ళేది పిట్టలకి షైన్ చూపించడానికా? నలభై ఏళ్ళుగా ఇదే తెలివి."

నేను నవ్వాను. సరదాకి అంటున్నారనుకున్నాను. ఆవిడ నా కంచంలో పప్పు వడ్డించి వంటగదిలోకి వెళ్ళింది, మేం బయల్దేరేదాకా ఇవతలికి రాలేదు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత ఆవిడ బేస్‌మెంట్ మెట్లు దిగలేదు. ఆయన ఆ చలికాలమంతా ఒక్కొక్క బాతునూ గరుకు కాగితంతో గీకి మళ్ళీ రంగు వేసుకుంటూ వచ్చారు. పదకొండు అయ్యాయి. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే గిన్నె తుడుస్తూ ఆవిడ కూలబడిపోయింది. గుండె. పన్నెండో బాతు అలమారలో అలాగే ఉండిపోయింది.

"సారీ చెబుదామనే అనుకున్నాను మాస్టారూ. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను" అని ఒకసారి కారులో అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు.

తర్వాత మూడు సీజన్లు పదకొండు బాతులతోనే, ఒంటరిగా వెళ్ళివచ్చారు. తెచ్చిన బాతును వండుకుని ఒక్కరే తినేవారు. పియానో మూత మీద దుమ్ము పేరుకుంది. కసరడానికి ఇంట్లో మనిషి లేక ఆయన నోరు మెత్తబడింది. తిట్టించుకోవాలని నేను కావాలనే ఆలస్యంగా వెళ్ళినా, "రండి, కూర్చోండి" అనేవారు. నాకు బెంగగా ఉండేది.

ఈ నవంబరులో, గ్వెల్ఫ్‌లో ఉండే కూతురు హోప్ గట్టిగా చెప్పింది. "ఇనఫ్ డాడీ. జనవరికల్లా గ్వెల్ఫ్ వచ్చేయండి." ఇల్లు అమ్మకానికి పెట్టారు. అక్కడి అపార్ట్‌మెంట్‌లో బాతులకు చోటు లేదు. మర్రే మేనల్లుడు తీసుకుంటానన్నాడు. కాకపోతే అతనికి షెల్ఫు మీద పెట్టుకునే బొమ్మలు అక్కర్లేదు, పన్నెండూ నీళ్ళ మీద పనికి రావాలన్నాడు. అంటే పన్నెండోదాని వార్నిష్ పోవాలి.

ఆయన నన్ను పిలిపించారు. బల్ల మీద బాతు, పక్కన గరుకు కాగితం.

"మీరు గీకండి మాస్టారూ. నా వల్ల కావట్లేదు."

"ఆవిడ చేసిన పని నేను గీకనా? మీరు చేసింది మీరే దిద్దుకోండి" అన్నాను. కోపంగానే అన్నాను. తర్వాత ఆయన మొహం చూడలేక బాతును చేతిలోకి తీసుకుని తిరగేశాను.

సీసపు పట్టీ పక్కన, వార్నిష్‌లో, నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. అవతలి వైపు బొటనవేలు. ఆరిందో లేదోనని ముందే ఎత్తి చూసినట్టుంది. చిన్న చిన్న వేళ్ళు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"మూడేళ్ళుగా దీన్ని ముట్టుకోనే లేదు నేను" అన్నారు.

నాకే తట్టింది. "ఈ అడుగు భాగం నీళ్ళలోనే ఉంటుంది కదండీ? పైనున్న పిట్టకి కనబడుతుందా?"

"కనబడదు" అన్నారు. తర్వాత మళ్ళీ, "కనబడదు" అన్నారు.

వీపూ, మెడా, తలా ఆయనే గీకారు. రెండు రోజులు పట్టింది. కడుపు జోలికి పోలేదు.

ఆ శనివారం నేను బాతుల వేటకు వెళ్ళాను. శ్యామలకు సముద్రం చూడటానికని చెప్పాను, సముద్రం కూడా చూశాను. రెల్లు గూడులో చన్నీళ్ళ మీద పలక వేసుకుని కూర్చున్నాం. "దగ్గొద్దు. తుమ్మొద్దు. ఊపిరి కూడా మెల్లగా" అని ఆయన పాత గొంతుతో కసిరారు. చెప్పలేను, ప్రాణం లేచివచ్చింది. వెలుతురు వచ్చేసరికి పన్నెండు బాతులు అలల మీద ఊగుతున్నాయి. ఏది పన్నెండోదో నాకు తెలియలేదు. ఆయన మాత్రం ఒకదాన్నే చూస్తున్నారు.

రెండు నల్లబాతులు వచ్చాయి. ఒక చుట్టు తిరిగాయి, ఇంకో చుట్టు తిరిగాయి. రెక్కలు వంచి, కాళ్ళు చాపి, సరిగ్గా మా బాతుల మధ్యకి దిగుతున్నాయి. ఆయన తుపాకీ ఎత్తారు. నేను ఊపిరి బిగబట్టాను.

"తప్పు నాది జ్ఞానం" అన్నారాయన.

గుసగుసగా కాదు, ఎదుటి గదిలోని మనిషికి వినబడేంత గట్టిగా. బాతులు రెండూ నీళ్ళను తాకకుండానే పైకి లేచాయి.

"నలుగురి ముందు నిన్ను అలా అనాల్సింది కాదు. నువ్వు ముచ్చటపడి వేశావు. నాకు తెలుసు. అప్పుడే తెలుసు."

తుపాకీ ఒళ్ళో పెట్టుకుని ఇంకా చాలాసేపు ఆ నీళ్ళతో మాట్లాడారు. ఆ మాటలు నావి కావు, రాయను. పొద్దుటి నుంచీ ఆపుకున్న దగ్గు నేను అప్పుడు దగ్గాను.

తిరిగి వచ్చేముందు బాతుల్ని ఒక్కొక్కటే ఎత్తి సంచిలో వేశారు. పన్నెండోదాన్ని నీళ్ళు కారుతుండగా తిరగేసి, ఆ గుర్తుల మీద తన వేళ్ళు ఆనించి చూసుకున్నారు. ఆయనవి లావు వేళ్ళు, పట్టలేదు.

సోమవారం మర్రే మేనల్లుడు వచ్చి సంచి తీసుకెళ్ళాడు. కడుపు మాత్రం ఎప్పుడూ గీకొద్దని ఎలియాజరు గారు అతనికి మూడుసార్లు చెప్పారు.