మలీదాతో తిరిగి వెళ్ళిన డబ్బా

పోయిన రంజానులో, మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడిందని ఎవరి ద్వారా తెలిసిందో, తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఫోన్ చేసి ఇక్కడ కువైటులోని హవల్లీలో ఒక హాలుకు రమ్మంది. వెళితే బియ్యం, కందిపప్పు, నూనె, పాలపొడి నింపిన తెల్లటి ప్లాస్టిక్ బకెట్ చేతిలో పెట్టి, బ్యానరు కిందికి జరగమని, కొంచెం నవ్వమని చెప్పి ఫోటో తీసుకున్నారు. ఇంటికి వచ్చి పాలపొడి ప్యాకెట్టు కొస కత్తిరించానో లేదో, ఆ తియ్యని పొడి వాసన ముక్కుకు తగిలి, వంటగదిలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను. వచ్చినవి కన్నీళ్ళు కావు. కోపం. నాలుగో తరగతి పిల్లగా ఇదే హవల్లీలో, ఇదే వాసన కోసం మెట్లు దిగి వెళ్ళి, వట్టి చేతులతో మెట్లెక్కిన నాటి కోపం.

మాది రాయచోటి. అబ్బా ఒక దర్జీ దుకాణంలో అరబ్బులు తొడిగే పొడుగు చొక్కాలు, దిష్‌దాషాలు కత్తిరించేవాడు. ఆయన కఫీల్, అంటే పూచీ ఉన్న కువైటీ యజమాని, దయ తలచి ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా రాయించడంతో అమ్మీనీ నన్నూ కువైటుకు తెచ్చుకున్నాడు. చెల్లెలు మున్ని ఇక్కడే పుట్టింది. మేమున్నది పాత మూడంతస్తుల బిల్డింగు, పై అంతస్తులో ఒక గది, వంటిల్లు, ఒక చిన్న బాల్కనీ. వేసవి సాయంత్రాల్లో ఏసీలనుంచి కారే నీళ్ళు కింద దుమ్ములో పడి లేచే మట్టి వాసన, మూలమీది కొట్లో వేగే ఫలాఫిల్ వాసన, కింది ఇంటి పాలస్తీనా ఆవిడ ఉమ్ ఖలీల్ కాచే ఏలకుల కాఫీ వాసన, వీటి మధ్య మేము పిల్లలం మెట్లమీద ఏడుపెంకులాట ఆడేవాళ్ళం. పెంకులు దొరకక విరిగిన బాత్రూము టైళ్ళు పేర్చేవాళ్ళం, కొట్టే బంతి అబ్బా దుకాణంలోని గుడ్డపీలికలతో చుట్టిన ఉండ. అది ఎవరి తలుపుకైనా తగిలితే ఉమ్ ఖలీల్ చెప్పు పట్టుకుని బయటికి వచ్చేది. చెప్పు ఎప్పుడూ విసరలేదు. తిట్టి, చేతిలో ఒక ఖర్జూరం పెట్టి పంపేది.

మా అమ్మీకి ఒక పట్టుదల ఉండేది. ఎవరింటినుంచైనా గిన్నెలో ఏదైనా వస్తే, ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార, అదీ లేకపోతే బాల్కనీలో నూనె డబ్బాలో పెంచిన పుదీనా రెండు రెమ్మలు. పీర్ల పండుగ వస్తే ఊళ్ళో పీర్లు లేచే వేళకు ఇక్కడ ఆమె పొయ్యి ముందు కూర్చుని, గోధుమరొట్టెలు కాల్చి, వేడివేడిగా నలిపి, బెల్లం, నెయ్యి, సోంపు కలిపి మలీదా ముద్దలు చేసేది, నేను వాటిని పళ్ళెంలో పెట్టుకుని అంతస్తు అంతస్తుకీ తిరిగేదాన్ని. మలయాళం నర్సమ్మ పళ్ళెం అరటికాయ చిప్సుతో వచ్చేది, ఉమ్ ఖలీల్ పళ్ళెం నల్ల ఆలివు కాయలతో వచ్చేది. నాకు ఆలివు కాయలు చేదు. అయినా పళ్ళెం బరువుగా తిరిగి రావడం బాగుండేది.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఆ ఏడు, పండుగ మలీదా ఇంకా డబ్బా అడుగున ఉండగానే, తెల్లవారేసరికి వీధిలో ఇరాకు ట్యాంకులున్నాయి. అబ్బా కఫీల్ అప్పటికే వేసవికని కుటుంబంతో విదేశం వెళ్ళిపోయాడు. మా పాస్‌పోర్టులు ఆయన ఇనపపెట్టెలో ఉన్నాయి. దుకాణం తలుపులు ఎవరో విరగ్గొట్టి కుట్టుమిషన్లు కూడా ఎత్తుకుపోయారు. రెండు వీధుల అవతల ఒక పెద్ద ఇంట్లో పనిచేసే మా ఊరి హుసేన్‌బీ ఖాలాని ఆమె మామా, బాబా, అంటే ఆ ఇంటి యజమానులు, లోపలే ఉంచి బయట తాళం వేసుకుని పోయారట. వంటింటి కిటికీలోంచి దూకి మా ఇంటికి వచ్చింది. "కుక్కకి రొట్టె పెట్టి పోయిన్రమ్మే, నాకు పెట్టల్యా. అందుకే కుక్క రొట్టె కూడా తెచ్చుకున్న్యా," అని చున్నీలోంచి తీసి చూపించి నవ్వింది. అమ్మీ మాత్రం నవ్వలేదు.

రోజులు గడిచేకొద్దీ కొట్లలో అలమరలు ఖాళీ అయ్యాయి. రొట్టెల బట్టీ దగ్గర తెల్లవారుజామున ఫజర్ నమాజు అవగానే వరసలు. భయానికో, తిండి లేకో అమ్మీకి పాలు ఆగిపోయాయి. అప్పటికి నెలల పిల్ల మున్ని, పొద్దస్తమానం ఏడ్చేది. మొదట గట్టిగా, తర్వాత పిల్లికూనలా సన్నగా. సన్నటి ఏడుపే ఎక్కువ భయం వేసేది.

అప్పుడు తెలిసింది, పెద్దరోడ్డు అవతలి బిల్డింగులో ఇంజనీర్లు, డాక్టర్ల కుటుంబాలు కలిసి ఒక కమిటీ పెట్టుకుని, ఉన్నదంతా ఒకచోట పోగుచేసి, లేని తెలుగువాళ్ళకు పంచుతున్నారని. సర్దాబు, అంటే నేలకింది గది, అందులో సరుకులు. సంచులతో పోతే దారిలో సైనికులు లాక్కుంటున్నారని వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. తమ ఇళ్ళలోని స్టీలు మూతడబ్బాల్లో పప్పో పాలపొడో నింపి, అన్నం క్యారియరులా కనిపించేట్టు ఆడపిల్లల చేతికిచ్చి పంపేవాళ్ళు. సరుకు ఇంట్లో ఒంపుకుని, డబ్బా తిరిగి తెస్తే మళ్ళీ నింపేవాళ్ళు. మంచి ఉపాయమే. ఆ మాట దాచను. ఆ డబ్బా లేకపోతే మొదటి వారాల్లో మా మున్ని ఉండేది కాదు.

పంపకం చూసేది విజయవాడ ఆంటీ. అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. ఎర్రంచు చీర, చేతికి వాచీ, తీయటి గొంతు. ఆమె డబ్బా మీద ఆమె ఇంటిపేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉండేది. మొదటిసారి అమ్మీ ఆ డబ్బా కడిగి, తుడిచి, లోపల పుదీనా పెట్టి ఇచ్చింది. "ఉత్త డబ్బా యెట్ల పంపేదమ్మే, పరువు గాదూ?" ఆంటీ మూత తీసి వాసన చూసి, "భలే ఉందే పుదీనా! మీ అమ్మకి థాంక్స్ చెప్పు," అంది. రెండోసారీ పుదీనాయే. తర్వాత ట్యాంకులో నీళ్ళు తగ్గి, తాగడానికే చాలక, ఆ ఎండకు పుదీనా మాడి నల్లబడిపోయింది.

మూడోసారి డబ్బా తిరిగి ఇవ్వాల్సిన రోజు అమ్మీ వంటింట్లో చాలాసేపు వెతికింది. పంచదార లేదు. సోంపు లేదు. ఊరినుంచి తెచ్చిన ట్రంకుపెట్టె అడుగున, గుడ్డలో చుట్టిన బెల్లపు ముక్క ఒకటి దొరికింది. సీసా అడుగున అంటుకున్న నెయ్యి ఎండలో పెట్టి కరిగించింది. హుసేన్‌బీ ఖాలా వరసలో నిలబడి తెచ్చిన ఎండు రొట్టె నలిపి, మూడే మూడు ముద్దలు చేసింది. నేను నోరు తెరిచి చూస్తున్నా నా వేలికి కూడా అంటించలేదు.

"అక్కా, నీకేమన్నా పిచ్చా? ఆ యమ్మకి మలీదా యాల? ఈ పిల్లకన్నా పెట్టు," అంది ఖాలా.

"ఇచ్చినోళ్ళ డబ్బాలో గాలి పెట్టి పంపమంటావా? మనం అడుక్కుండేవాళ్ళమా?"

నేను ఆ డబ్బా ఛాతీకి ఆనించుకుని వెళ్ళాను. మూత సందులోంచి బెల్లం వాసన దారంతా వస్తూనే ఉంది. సర్దాబులో వరస నిండా జనం. ఆంటీ మూత తీసింది. ఆమె ముఖం మారింది.

"ఏవిటిది పాపా? స్వీటా? నెయ్యి కూడా వేశారే!" పక్కనున్న ఇంకో ఆవిడకి చూపించింది. "చూశారా వదినగారూ? మేం బెల్లం మొహం చూసి నెల దాటింది. ఇంట్లో స్వీట్లు చేసుకునేవాళ్ళు కూడా వచ్చి నిలబడితే నిజంగా లేనివాళ్ళ గతేంటండీ?"

"మున్నికి పాలు…" అన్నాను.

"తెలుసమ్మా. ఈసారి మీకంటే కష్టంలో ఉన్నవాళ్ళకి ఇస్తాం. మీ అమ్మకి చెప్పు, ఏమీ అనుకోవద్దని." గొంతు అప్పుడు కూడా తీయగానే ఉంది. డబ్బా నాకు ఇవ్వలేదు. నేను మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూస్తే, ఆ ఇద్దరూ చెరో ముద్ద తింటున్నారు. మూడో ముద్దని వరస సర్దుతున్న పెద్దమనిషికి ఇచ్చారు. ఆయన వేళ్ళు నాకాడు.

ఇన్నేళ్ళూ నేను ఆలోచించింది ఇదే. ఆమెకు ఆ పద్ధతి తెలియదా? తెలుసు. విజయవాడలో ఆమె ఇంట్లోనూ పక్కింటి గిన్నె ఖాళీగా పంపరు, ఏ తెలుగు ఇంట్లోనూ పంపరు. కాని అది సమానుల మధ్య పద్ధతి. సాయం తీసుకునేవాళ్ళకి ఆ పద్ధతి ఉంటుందని ఆమెకు తట్టలేదు. వాళ్ళ దగ్గర గిన్నెలో ఏదైనా కనిపిస్తే అది మర్యాద కాదు, దొంగతనానికి రుజువు.

నా మాట వినగానే అబ్బా చొక్కా వేసుకుని బయలుదేరాడు. "కాళ్ళు పట్టుకోనన్నా తెస్తా," అన్నాడు. సాయంత్రానికి తిరిగి వచ్చి, ఇల్లు చూసి పోవడానికి మనిషిని పంపుతారట అని చెప్పి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మున్ని అప్పటికి ఏడవడం కూడా మానేసింది. పెదాలు ఎండి తెల్లగా పొట్టు లేస్తున్నాయి. అప్పుడు హుసేన్‌బీ ఖాలా ఎవరినీ అడగకుండా పిల్లను ఎత్తుకుని కిందికి దిగింది, వెనకాలే అమ్మీ, అమ్మీ వెనకాల నేను. ఉమ్ ఖలీల్ ఆరో కాన్పు పిల్లవాడు అప్పుడు చంటివాడు. ఖాలా తనకొచ్చిన పనింటి అరబీలో ఏదో మొదలుపెట్టేలోగానే ఆవిడ మున్ని పెదాలు చూసి, "హాతీ, హాతీ," ఇలా ఇవ్వు అంటూ చేతులు చాపింది. తన కొడుకుని ఒక వైపు, మా మున్నిని ఒక వైపు వేసుకుని నేలమీద కూర్చుంది. మున్ని మింగుతున్న శబ్దం గదంతా వినిపించింది. ఇంట్లో ఏముంది, ఏం లేదు అని ఆవిడ ఒక్క మాట అడగలేదు. ఆవిడ ఇంట్లోనూ ఆ పూట ఉన్నది పప్పు నీళ్ళే.

కొన్నాళ్ళకు అమ్మీ నాతో అంది, "ఇంగ ఆమె దీనికి పాలతల్లి. ఆమె బిడ్డలు దీనికి తోడబుట్టినోళ్ళే. యాడున్నా మర్సిపోగూడదు."

కమిటీ మనిషి తర్వాత వచ్చాడు. మా వంటింట్లోకి చెప్పులతోనే నడిచి, డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి, వంచి చూశాడు. పండుగ డబ్బా, ఉప్పు డబ్బా, ఆఖరికి ట్రంకుపెట్టె కూడా. అన్నీ ఖాళీ. "సరే, నిజమే," అన్నాడు తృప్తిగా. ఆ మర్నాడు ఆంటీ పాలపొడి డబ్బా నింపి పంపింది. అమ్మీ దాన్ని ఒంపుకుంది. వారం తర్వాత ఆ డబ్బాని ఇసుకతో తోమి, కడిగి, బోర్లించి, ఆరబెట్టి, ఖాళీగా నా చేతికి ఇచ్చింది. నేను మూత తీసి లోపలికి చూశాను, ఏమైనా మరచిపోయిందేమోనని. నా ముఖమే కనిపించింది.

ఖాళీ డబ్బా చూసి ఆంటీ చాలా సంతోషపడింది. అంచు దాకా నింపి ఇచ్చింది.

ఎండలు తగ్గేసరికి, మన ఎంబసీవాళ్ళు పాస్‌పోర్టులకు బదులు చేతికిచ్చిన ఏవో కాగితాల మీద, బస్సుల్లో బాగ్దాదు మీదుగా జోర్డాను చేరి, విమానమెక్కి ఊరికి వచ్చేశాం. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగిలినదంతా రాయచోటి శాఖా గ్రంథాలయంలో, చెదలు పట్టిన బీరువాల ముందు నిలబడి చదువుకున్నదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. కువైటు యుద్ధం మీద అక్కడ దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. నూనెబావులు తగలబడ్డ సంగతి, విమానాల రకాలు, నాయకుల మాటలు అన్నీ ఉన్నాయి. పాలపొడి డబ్బా సంగతి ఎక్కడా లేదు. ఇంకో పుస్తకంలో, ఎక్కడో సముద్రం మధ్య దీవుల్లో మనుషులు, తీసుకున్నదానికి తిరిగి ఇవ్వనివ్వకపోతే దాన్ని దానం అనరనీ, అవమానం అంటారనీ చదివి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మీకి అక్షరం రాదు.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ ఎవరింటి గిన్నె అయినా ఖాళీగానే తిరిగి పంపింది. రాయచోటిలో చుట్టుపక్కల వాళ్ళు ఆమెను పిసినారి అన్నారు. ఆమె పట్టించుకోలేదు. పీర్ల పండుగకు మలీదా కూడా చేయలేదు.

పెళ్ళయి మళ్ళీ ఇక్కడికే వచ్చాక, మొదట వెతికింది ఉమ్ ఖలీల్ కోసం. యుద్ధం ముగిశాక పాలస్తీనా వాళ్ళను దాదాపు అందరినీ ఇక్కడ ఉండనివ్వలేదు. మా బిల్డింగు పడగొట్టి మొబైళ్ళ దుకాణాలు కట్టారు. మా మున్నికి ఈ లోకంలో ఎక్కడో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఆరుగురున్నారు. వాళ్ళ పేర్లు మున్నికి తెలుసు. ముఖాలు తెలియవు.

ఇక ఆ బకెట్ సంగతి. సరుకులు ఒంపుకుని, దాన్ని కడిగి ఆరబెట్టాను. రొట్టెలు కాల్చి, బెల్లం, నెయ్యి, సోంపు వేసి, అమ్మీ మానేసిన మలీదా నా చేతులతో చేసి, బకెట్ సగానికి నింపి, మీద పుదీనా రెమ్మ పెట్టి, నడుచుకుంటూ అదే హాలుకు వెళ్ళాను. ఆ పూట కూడా పంపకం ఉంది. కొత్త బకెట్లు గోడలా పేర్చి ఉన్నాయి, బ్యానరు కింద ఎవరో నవ్వుతున్నారు. మెడలో కార్డు వేసుకున్న పెద్దమనిషి ఎదురొచ్చాడు.

"బకెట్ తిరిగి ఇవ్వక్కర్లేదమ్మా. యూజ్ అండ్ త్రో."

"ఉత్తది కాదు సార్. లోపల మలీదా ఉంది. మీకే తెచ్చాను."

ఆయన మూత కొంచెం ఎత్తి చూసి, మూసేసి, చుట్టూ చూశాడు. "అంటే… తిరిగి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదమ్మా."

"అయితే పెట్టుకోండి," అన్నాను. బకెట్‌ను ఆయన చేతుల్లోనే వదిలేసి, ఫోటో తీస్తున్నవాడి ముందునుంచే నడుచుకుంటూ బయటికి వచ్చేశాను.