కర్ర కొనకు గుడ్డ

అరవైల నాటి మాట. బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే రైల్లో కూర్చున్నాను. కిటికీ అవతల ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. నా ఒళ్లో పన్నెండు కొత్త కర్రలు. పోటీల్లో ఎవరికీ జంకనివాణ్ణి, మర్నాటి నుంచి బడిపిల్లలకు కర్రసాము నేర్పాలనేసరికి అరచేతులకు చెమటలు పట్టాయి.

సంగతి విని, ఎదురుగా కూర్చున్న ముసలాయన ఒక కర్ర తీసుకుని కొన తడిమాడు.

"భయమైతున్నదా బిడ్డా?"

"అయితున్నది తాతా. ఎవలి కంట్లెనన్న తగిలితే ఎట్ల?"

"మంచిదే. పోటీలకు తయారుజేసెటోనికి చెయ్యి తిరిగి ఉండాలె. పొల్లగాండ్లకు నేర్పెటోనికి భయముండాలె. నేను గూడ తాలీంల కర్రసాము నేర్పిన ఉస్తాద్‌నే. కొనకు గుడ్డ సుట్టుడు నామోషీ అనుకున్న."

అంటూనే తన తలగుడ్డ అంచు చింపి, కర్ర కొనకు చుట్టసాగాడు.

"ఏమైంది తాతా?"

"నా కొడుక్కు ఒక్క కన్నే మిగిలింది."

పన్నెండు కర్రలకూ చుట్టేసరికి తలగుడ్డ అయిపోయింది. ఆయన ఒట్టి తలతోనే దిగిపోయాడు.

తర్వాత ఇరవై ఏళ్లు నేర్పాను. రోజూ ఆ గుడ్డలు బిగించేటప్పుడు నాకు భయం వేసేది. భయం వేయని రోజు పిల్లలకు కర్ర ఇవ్వలేదు.