నీళ్ల డ్రమ్ము, మూడు డబ్బాలు, నా పాఠం

నాచారంలో మా ఇల్లు రైలు పెట్టెల వరుసలా ఉంటుంది. వీలైనప్పుడల్లా వెనక ఒక గది వేసుకుంటూ పోయాం. నెట్టు డబ్బా ముందు గదిలో, నేను చదువుకునేది చిట్టచివరి గదిలో.

మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని మానేశాక, అరవై దాటి అక్షరాలు నేర్చుకున్నాను. క్లాసు ఫోన్‌లో జరుగుతుంది. ఎవరి వంతు వస్తే వాళ్లు సొంతంగా రాసిన పేజీ పైకి చదవాలి. రెండుసార్లు నా వంతు వచ్చింది. రెండుసార్లూ మూడో వాక్యంలో నెట్టు ఆగింది. తెర మీద నేను నోరు తెరిచి బిగుసుకుపోయానట.

"పర్వాలేదమ్మా, కూడబలుక్కొని చదువున్రి" అంది టీచరమ్మ.

ఒళ్లు మండింది. ఆగింది నెట్టు, నేను కాదు. చెబితే ఎవరు నమ్ముతారు?

పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా కోడలు మూడు తెల్ల డబ్బాలు తెచ్చింది.

"మెష్ రౌటర్లు, అత్తమ్మా. ఒకటి సిగ్నల్ ఇస్తే ఇంకోటి అందుకుంటది."

"వరుసల నిలబడి బిందెలు అందిచ్చుకున్నట్టా?"

"గంతే."

ముందు గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, నా గదిలో ఒకటి పెట్టింది. నా గదిలోదానికే లైటు ఒకరోజు నీలం, ఒకరోజు ఎరుపు. ఎరుపైతే నెట్టు లేనట్టు. నాలుగు రోజులు చూసి కోడలు గుట్టు పట్టింది. వంటింటికీ నా గదికీ మధ్య మా ఆయన పెట్టిన పెద్ద నీళ్ల డ్రమ్ము ఉంది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. డ్రమ్ము నిండితే ఎరుపు, ఖాళీ అయితే నీలం.

"మామయ్యా, నీళ్లల్లకెళ్లి సిగ్నల్ పోతలేదు. డ్రమ్ము జర జరుపుదాం."

"ఇరవై ఏండ్ల సంది గాడనే ఉన్నది. నీ డబ్బానే జరుపు. నెట్టుతోని మొకం కడుగుతవా?"

డబ్బా జరపడానికి నా గదిలో ఇంకో ప్లగ్గు లేదు. కోడలు టీచరమ్మకు ఫోన్ చేసి, రెండుసార్లూ ఆగింది నెట్టేనని మాత్రం చెప్పింది.

మూడోసారి నా వంతు సరిగ్గా నల్లా వచ్చే రోజే పడింది. నాలుగింటికి క్లాసు. రెండింటికల్లా డ్రమ్ము అంచుదాకా నిండింది. చెంబు పట్టాను. వాకిలి కడిగాను. ఉతికి ఆరేసిన బట్టలు తీసి మళ్లీ ఉతికాను. పక్కింటామెను పిలిచి బిందెలు నింపుకోమన్నాను.

"ఏంది పెద్దమ్మా, ఇయ్యాల గింత ప్రేమ?" అని అనుమానంగా చూస్తూనే నాలుగు బిందెలు పట్టుకుపోయింది.

ఇంకా అడుగున నీళ్లు మిగిలాయి. మా ఆయన్ను తానానికి పొమ్మన్నాను.

"పొద్దుగాల చేసిన గదనే!"

"మళ్ల చెయ్యి. నెట్టు రావాలె."

గొణుక్కుంటూ చేశాడు. నాలుగింటికి ఐదు నిమిషాల ముందు లైటు నీలమైంది.

చదివాను. మూడో వాక్యం దాటాను, నాలుగోదీ దాటాను. ఐదో వాక్యంలో నా రాత నాకే అర్థం కాలేదు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాను.

"అయ్యో, అమ్మకు మళ్ల నెట్టు ఆగినట్టుంది. వేరేవాళ్లు చదువున్రి" అంది టీచరమ్మ.

కదలకుండా కూర్చుంటే పరువు దక్కేది. కూర్చునేదాన్నే. వెనక నుంచి మా ఆయన తువ్వాలతోనే తొంగిచూశాడు.

"నెట్టు మంచిగనే ఉన్నది టీచరమ్మా! రెండు తానాలు జేసిన దానికోసం. ఆగింది గీమెనే!"

అవతల పదిమందీ నవ్వారు.

"అవును, నేనే ఆగిన. జర ఉండున్రి" అన్నాను. కళ్లజోడు తుడుచుకుని, కూడబలుక్కుని, పేజీ చివరిదాకా చదివాను.

లైటు నీలంగానే ఉంది. ఆ రాత్రి అన్నం వండటానికి పక్కింటికి బిందె పట్టుకుని వెళ్లాను.