ఎత్తని ఫోన్

బర్నీ పట్టణంలో ఇరవై ఏళ్లు బడి బస్సు నడిపిన గ్లెనిస్ టారంట్ యాభై మూడో ఏట మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. మనసు మొద్దుబారిపోయింది. మందులు రెండు మూడు మార్చినా గుణం కనిపించలేదు. రెండేళ్లు గడిచాక, నుదుటిమీద తడి స్పాంజీలు కట్టి తలలోకి సన్నటి కరెంటు పంపే చికిత్సకు డాక్టరు ఆమెను పంపించాడు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. చీమలు పాకినట్టు చురచుర తప్ప బాధేమీ ఉండదు. అందరికీ పనిచేస్తుందన్న భరోసా లేదని కూడా ముందే చెప్పారు.

మూడో వారంలో ఇంటికి వెళ్తూ దారిలో స్కాలప్ పై, అంటే సముద్రపు గుల్లల మాంసం కూరి కాల్చిన రొట్టె, ఒకటి కొనుక్కుంది. కొరకగానే నాలుకకు రుచి తెలిసింది. ఎన్నాళ్లకో! ఆ రుచి వెంటే బావ ఆలెక్ గుర్తొచ్చాడు. ఆమె కారు బాగుచేసిన ప్రతిసారీ, "కూలీ వద్దు గాని, ఒక పై పెట్టించు మరదలా" అనేవాడు.

ఆలెక్ పోయి ఏడు నెలలు. ఆయన పోయిన రోజు పొద్దున ఆయన భార్య, గ్లెనిస్ అక్క మోరీన్, ఫోన్ చేసింది. గ్లెనిస్ అక్క పేరు చూసి, ఫోన్ బోర్లా పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. రెండు వీధుల అవతల జరిగిన అంత్యక్రియలకూ వెళ్లలేదు. అప్పుడు కన్నీటి చుక్క రాలేదు. ఇప్పుడు కారులోనే కూర్చుని, చేతిలో పై చల్లారిపోయేదాకా ఏడ్చింది.

శుక్రవారం చికిత్స అయ్యాక నర్సు ఇమొజెన్ ప్రశ్నల కాగితం తీసింది. "నిద్ర బాగుపడింది, ఆకలి వేస్తోంది. తప్పు చేశానన్న బాధ మాత్రం తగ్గనే లేదేంటండీ?"

"అప్పట్లో వాన పడినా నా తప్పే అనిపించేదమ్మా. ఇప్పుడు ఒక్కటే తప్పు. అది నిజంగా నేను చేసిందే."

ఇమొజెన్ కలం ఆపింది. "దానికి ఈ కాగితంలో గడి లేదండీ" అంది మెల్లగా.

గ్లెనిస్ అక్కడినుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది. మోరీన్ పెరట్లో చలికాలానికి కట్టెలు పేరుస్తోంది.

"అక్కా, ఆరోజు ఫోన్ నేను చూశాను. చూసే ఎత్తలేదు."

"నీకు బాలేదుగా."

"బాలేదు, నిజమే. కాని ఫోన్ బోర్లా పెట్టిన చెయ్యి నాదే."

మోరీన్ చేతిలోని కట్టెను కింద పడేసింది. "ప్రతి గురువారం సూపు తెచ్చి నీ గుమ్మంలో పెట్టినప్పుడల్లా ఆ తలుపు తన్నాలనిపించేదే! మంచాన పడ్డదాన్ని ఏం తిట్టను? లేచాక చూద్దామని దాచుకున్నా. ఇప్పుడు తిట్టొచ్చా?"

"తిట్టక్కా."

తిట్టింది. ఆయన చివరి రోజుల దగ్గర మొదలుపెట్టి, శవపేటిక మోయడానికి ఒక మనిషి తక్కువై పక్కింటాయన్ని పిలుచుకున్నదాకా, గొంతు బొంగురుపోయేలా తిట్టింది. చివరికి మోరీన్ ముక్కు తుడుచుకుని, "ఊరికే నిలబడతావేం? అటువైపు పట్టు" అంది. చీకటి పడేదాకా ఇద్దరూ కట్టెలు పేర్చారు.

ఆదివారం గ్లెనిస్ ఒంటరిగా ఆలెక్ సమాధి దగ్గరికి వెళ్లింది. చెప్పాలనుకున్నది నోరు దాటలేదు. మనసులో బరువు తీరనూ లేదు. సోమవారం మాత్రం మామూలుగానే లేచి, తల దువ్వుకుని, స్పాంజీలు కట్టించుకోవడానికి బయలుదేరింది.