ఇద్దరు కూర్చునే మగ్గం

1981 వేసవిలో, వరంగల్‌లో, ఒక విడాకుల కేసులో జడ్జిగారు నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా వేశారు. పేరు పెద్దదే గానీ హోదా ఏమీ కాదు. కోర్టు తాను వెళ్లి చూడలేని చోటికి ఒక వకీలును పంపుతుంది. అతను ఇరువైపుల వాళ్ల ఎదుట సామాను చూసి, వెల కట్టి, అప్పులు తేల్చి రిపోర్టు ఇవ్వాలి. ఫీజు తక్కువ, తిట్లు ఎక్కువ.

భార్య రాజవ్వ, భర్త సాంబయ్య. ఖిలా వరంగల్ దారిలో జంపఖానాలు నేసేవాళ్లు. సాంబయ్య ధర్మసాగర్‌లో ఒకామెను చేరదీశాడు. విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు, పంపకమే మిగిలింది. ఇల్లు రాజవ్వ తల్లిది, దాని మీద తగవు లేదు. గిన్నెలు, మంచాలు ఇట్టే తేలిపోయాయి. ఇక ఉన్నవి మగ్గం, నూలు షావుకారు దగ్గర ఇద్దరి పేరా ఉన్న బాకీ.

మగ్గం తనకిస్తే బాకీ అంతా తనే కడతానన్నాడు సాంబయ్య. నాకు ప్రాణం లేచొచ్చింది. పాత మగ్గం, దాని వెలకు రెండింతల బాకీ! ఇంతకంటే మంచి బేరం ఆ ఇల్లాలికి ఏ కోర్టూ ఇప్పించలేదు. రాజవ్వ మాత్రం భగ్గుమంది.

“అది ఒక్కలు నేసే మగ్గం కాదు సారూ. ఇద్దరు పక్కపక్కన కూసుంటెనే నడుస్తది. నేను కూసున్న జాగల ఆమెను కూసోవెడ్తడట! నా పానం పోయినా ఇయ్య. బాకీ గూడ నాకే రాయుండ్రి.”

వెడల్పాటి జంపఖానా పనితీరే అది. ఒకరు అందించిన పోగును రెండోవారు అందుకోవాలి. ఇద్దరి చెయ్యీ కలవకపోతే నేత వంకరపోతుంది. ఒంటరిగా ఆ మగ్గంతో ఏం చేసుకుంటావని ఎంత నచ్చజెప్పినా ఆమె చెవికెక్కలేదు. అసూయకు లెక్కలు రావు.

సాంబయ్య నవ్వాడు. “మరి నీ పక్కపొంటి ఎవడు కూసుంటడే?”

“ఎవడో ఒకడు కూసుంటడు. నీకేం ఫికర్?”

అతని నవ్వు మాయమైంది. వదిలేసి వేరే కాపురం పెట్టినవాడికి కడుపుమంట చూడండి! ఆ మగ్గం మీద ఇంకో మగవాడు కూర్చోకూడదని రాస్తేనే వేలిముద్ర వేస్తానని మొండికేశాడు. అటువంటి షరతు ఏ కోర్టూ రాయదని కసిరాను. వినలేదు. చివరికి రాజవ్వే తల్లి మీద ఒట్టేసింది, మగైనా ఆడైనా ఎవర్నీ కూర్చోబెట్టనని. అప్పుడు వేలిముద్ర వేశాడు.

డిక్రీ భార్యాభర్తలను కట్టేస్తుంది గానీ అప్పిచ్చినవాణ్ని కట్టేయదు. అందుకని షావుకారును పిలిపించి, బాకీ ఇకపై రాజవ్వ ఒక్కదానిదేనని అతని చేత కూడా రాయించాను. రిపోర్టులో వంక పెట్టడానికి లేదు. జడ్జిగారు ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు.

మరుసటి ఏడు మరో పని మీద అటు వెళ్లాను. రాజవ్వ పొరుగువాళ్ల మగ్గం మీద కూలికి నేస్తోంది. కూలిలో సగం షావుకారుకే పోతోంది. తన మగ్గం ఇంట్లో గోనెసంచుల కింద ఉంది. అమ్మేస్తే బాకీ కొంతైనా తీరేది కదా అన్నాను, కోపంగానే.

“కొనెటోడు రాకపోడు సారూ. ఎవని చేతుల మీదికెళ్లి పోయినా అది ఆమె ఇంటికే చేరుతది. చెదలు తిననియ్యుండ్రి గని, నేనైతే అమ్మను.”

ఆ తర్వాత ఏ పంపకానికి వెళ్లినా ముందు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టేవాణ్ని. నీకేం కావాలని అడిగేవాణ్ని కాదు, అవతలివాళ్లకు ఏది దక్కకూడదని అడిగేవాణ్ని. సామాన్లకు వెల కట్టడం ఆ తర్వాతి పని.