వత్తులు చేసే చేయి ఆగితే

ఆ ఏడాది నా చేతిలో రెండు దయ్యాలుండేవి. ఒకటి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న దేవిడీ దయ్యం, అంటే పాతకాలం మేడలో తిరిగేది, రెండోది దీపావళి సంచికకు ఒప్పుకున్న బావి దయ్యం. మొదటిది ముగింపుకొచ్చింది. రెండోది ఇంకా నీళ్ళలోంచి తల బయటపెట్టలేదు. రెండూ మా ఆయన పేరుతోనే అచ్చయ్యేవి. పూజారి ఇంటి కోడలు దయ్యాల కథలు రాస్తుందంటే పురానాపూల్ గల్లీల్లో ఎంత లొల్లి అయ్యేదో వేరే చెప్పాలా? ఆఫీసులో ఎవరైనా "ఏం కథ రాసినవ్ భాయ్, నిద్ర పట్టలే" అంటే మా ఆయన కాలరు సర్దుకుని నవ్వేవారట. వింటే నాకు ఒళ్ళు మండేది.

నేను రాసేది పట్టపగలే. అందరి భోజనాలయ్యాక వంటింటి గడప దగ్గర కూర్చుని, పీట మీద కాగితాలు పెట్టుకుని రాసేదాన్ని. రాత్రిపూట రాస్తే నాకే భయం, దాచుకోవడం దేనికి! ఇక చదవడం అంటారా, ఏది దొరికితే అది. అప్పుడు చదువుతున్నది ఆయన అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చిన డిటెక్టివ్ నవల. చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. హంతకుడెవరో నాకిప్పటికీ తెలియదు. పక్కింటి పెద్దావిడ మాత్రం తన ఉర్దూ పుస్తకంలోని జిన్నుల కథలు గోడ అవతలి నుంచి చదివి వినిపించేది.

నేను రాసింది మొదట వినేది మా అత్తమ్మ. ఆమెకు చదువు రాదు. గుడికి కావలసిన వత్తులన్నీ ఆమే చేసేది. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, పిక్క మీద దూది పెట్టి అరచేత్తో ఒత్తుతూ వినేది. ఆ చేయి ఆగిందంటే కథ పండినట్టు. ఆగకపోతే ఆ పేజీ పొయ్యిలోకే. మొహమాటమన్నది ఆమె ఒంట్లోనే లేదు.

"ఏందే, నీ దయ్యానికేం పని లేదా? ఊకె తలుపు గొడ్తది!"

"మరేం చెయ్యమంటవు అత్తమ్మా?"

"లోపలికి రానియ్యి. వచ్చి, ఇంట్ల మనిషి లెక్క అన్నం పెట్టుమననియ్యి. అప్పుడైతది భయం."

నాకొచ్చిన విద్యంతా అదే.

ఆ రోజు సీరియల్ చివరి భాగానికి ముందుది చదువుతున్నాను. చచ్చిపోయిన పెద్దకోడలు వంటింట్లోకొచ్చి అందరికీ విస్తళ్ళు వేస్తుంది. ఒక విస్తరి ఎక్కువవుతుంది. అక్కడ అత్తమ్మ చేయి ఆగింది. అబ్బ, పండింది అనుకున్నాను. గొంతు ఇంకా తగ్గించి, సాగదీసి సాగదీసి మిగతా పేజీలన్నీ చదివాను. "రేపు చివరిది రాస్త, అప్పుడు జూడు అత్తమ్మా" అంటూ తలెత్తితే, ఆమె తల పక్కకు వాలి ఉంది. దూది పిక్క మీదే ఉంది. ఏ మాట దగ్గర ప్రాణం పోయిందో నాకు తెలియదు.

నేను ఏడవలేదు. నీళ్ళు తోడాను, చాపలు వేశాను, అడిగినవాళ్ళకు అడిగింది అందించాను. "కోడలి గుండె రాయి" అని చుట్టాలు నా ముందే అన్నారు. అననీ, ఎవరి నోరు వాళ్ళది. లోపల నిజంగానే ఏమీ లేదు.

మా ఆడబిడ్డ ఇల్లు బేగంబజార్‌లో. వాళ్ళ కొడుకు పుట్టెంట్రుకలకు అత్తమ్మ జ్వరం వల్ల వెళ్ళలేకపోయింది. కావాలనే రాలేదని అలిగి, ఆ పిల్ల ఏడాదిగా మా గడప తొక్కలేదు. కబురు అందగానే పరుగెత్తుకొచ్చింది. తల్లి మీద పడి ఏడ్చి ఏడ్చి, నా రెక్క పట్టుకుంది.

"వదినా, అమ్మ పోయేటప్పుడు నా పేరెత్తిందా?"

"లేదమ్మా. నేను చదువుతుంటే పోయింది. ఏమనలే."

"అయితే నా మీద కోపంతోనే పోయింది. నన్ను మాఫ్ చెయ్యలే."

ఎవరెంత చెప్పినా వినలేదు. మంచినీళ్ళు కూడా ముట్టనని కూర్చుంది.

మాలో ఒక ఆచారం ఉంది. ప్రాణం పోయిన చోట జల్లించిన బియ్యప్పిండి పరిచి, పక్కన దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లించి తలుపేస్తారు. తెల్లారి చూస్తే పిండిలో పోయినవాళ్ళ గుర్తు పడుతుందంటారు. పిట్ట అడుగైతే తృప్తిగా పోయినట్టు. ఏమీ పడకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. ఆడబిడ్డ ఆ తలుపు ముందే కూర్చుని తెల్లవార్చింది.

పొద్దున గంప ఎత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు. నా రాతల గుట్టు తెలిసిన మా ఆయన మేనత్త నా పక్కకొచ్చి మెల్లగా, "దయ్యాల కథలు రాస్తవు గద, నీకేం భయం? నువ్వే పో" అంది.

వెళ్ళి గంప ఎత్తాను. పిండి పరిచింది పరిచినట్టే ఉంది. చీమ కూడా పాకలేదు. బయట ఆడబిడ్డ, "వదినా, ఏమన్న ఉన్నదా? వదినా!" అంటోంది. కథలో అయితే ఇక్కడ ఏం పెట్టేదాన్ని అని ఆలోచించాను. అప్పుడు కూడా బుర్ర అటే పోయింది. మూడు వేళ్ళు విడదీసి నొక్కి, వెనక బొటనవేలితో చిన్న గీత పెట్టాను. కాస్త అవతల ఇంకొకటి, ఎగిరిపోబోతున్నట్టు తేలిగ్గా. చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుని తలుపు తీశాను.

"పిట్టనే వదినా! పిట్టనే!" అంటూ ఆడబిడ్డ నన్ను కావిలించుకుని బావురుమంది. తర్వాత చెంబెడు నీళ్ళు గటగటా తాగింది. గల్లీ అంతా వచ్చి చూసి దండం పెట్టుకుంది. నాకు పాపమనీ అనిపించలేదు, పుణ్యమనీ అనిపించలేదు.

కర్మలన్నీ ముగిసి వెళ్ళేటప్పుడు ఆడబిడ్డ నా చేయి పట్టుకుని, "అమ్మ నా కోసం వచ్చింది. నీ కోసం గూడ వస్తది, ఫికర్ జెయ్యకు" అంది. ఊఁ అన్నాను.

పత్రిక వాళ్ళు కబురు మీద కబురు పంపుతుంటే చివరి భాగం రాశాను. రాసి, అత్తమ్మ ఆనుకునే గోడకు ఎదురుగా కూర్చుని పైకి చదివాను. భయపడాల్సిన చోట ఆగాను. ఎంతసేపు ఆగాలో తెలియలేదు. కాగితాలు మడిచి అలాగే పంపేశాను.

ఆ కథలు నావేనని తెలిసినవాళ్ళు, దయ్యాలు నిజంగా ఉన్నాయా అని ఇప్పటికీ అడుగుతుంటారు. లేవంటాను. ఉంటే మా అత్తమ్మ ఆ చివరి భాగం వినకుండా ఉండేది కాదు.