ప్రకాశమన్న పక్కన ఖాళీ జాగ

ప్రకాశమన్న ఇక లేరన్న వార్త నేను క్లాసులో ఉండగా అందింది. బోధన్ నుంచి వాళ్ల పాస్టరు గారు ఫోన్ చేసి, "సారు నిద్రల్నే పోయిండ్రు" అన్నారు. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. దాన్ని పూర్తి చేయడం నాకు చేతకాలేదు. పిల్లల్ని పంపించేసి, ఆయన పాఠం చెప్పే పక్క గదిలోకి వెళ్లి ఒక్కణ్ణే కూర్చున్నాను. అరవై దాటిన మనిషి, గుండె జబ్బు ఉన్నదే, ఎప్పటికైనా తప్పదని తెలుసు. తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గుతుందా?

ముందే ఒక మాట చెప్పాలి. ప్రకాశం ఆయన అసలు పేరు కాదు. ఈ వ్యాసంలో పేర్లన్నీ మార్చాను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నిజామాబాద్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో మా స్నేహం మొదలైంది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలకు నేను అంకగణితం, ఆయన రాజ్యాంగం చెప్పేవాళ్లం. బోధన్‌లో ఇప్పుడు మూతపడి ఉన్న చక్కెర ఫ్యాక్టరీలో ఆయన బాపు కూలీగా పనిచేశాడు. అన్న పెళ్లి చేసుకోలేదు. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చి మళ్లీ బస్సులోనే వెళ్లేవారు. నేను చెరుకు రైతుల ఇంట పుట్టినవాణ్ణి, బీసీ-డి. ఆయన బీసీ-సి. "నర్సింలూ, నీకన్న ఒక్కక్షరం ముందట ఉన్న. జర ఇజ్జత్ ఇయ్యి" అని ఏడిపించేవారు. నాకు ముక్కు మీద కోపం. ఆయనకు నా కోపమే కాలక్షేపం.

రిజర్వేషన్ల పాఠం వచ్చిన రోజు ఆయన గది దద్దరిల్లేది. ఆ రోజు ఆయన పద్ధతే వేరు. రిజర్వేషన్ ఉన్నవాళ్లు లేచి అది వద్దని వాదించాలి, లేనివాళ్లు లేచి అది కావాలని వాదించాలి. సొంత పక్షం మాట్లాడితే కూర్చోబెట్టేవారు. "ఎవని నొప్పి వాడు జెప్తె ఏడ్పైతది. ఎదుటోని నొప్పి జెప్తెనే వాదనైతది" అనేవారు. ఒకసారి ఓపెన్ కేటగిరీ అమ్మాయి ఒకతె రిజర్వేషన్లు కావాలని బ్రహ్మాండంగా వాదిస్తూ, మా తాతను బడి బయట కూర్చోబెట్టి ఉంటే నేనివాళ ఎక్కడుండేదాన్నో అని, ఆ మాట దగ్గరే ఆగిపోయింది. అన్న ఆమెను ఇంకా మాట్లాడమని ఒత్తిడి చేయలేదు. తన వంతు వచ్చినప్పుడు ఆయన కూడా నియమం తప్పేవారు కాదు. తానూ దళిత క్రైస్తవుడే అయినా, క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వకూడదని, తన మీద తానే కత్తి దూసుకున్నట్టు వాదించేవారు. వాదన ముగిశాక బోధన్ నుంచి మోసుకొచ్చిన చెరుకు ముక్కలు పంచేవారు. "నోట్లె చెరుకున్నోడు కొట్లాడలేడు" అన్నది ఆయన సిద్ధాంతం. నిజమే, గదిలో నములుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

ఒక ఎస్సీ విద్యార్థి చెరుకు పక్కన పెట్టి ఉన్నమాట అడిగాడు. "మీరు గూడ ఎస్సీలల్లకొస్తె మా పళ్లెంల బువ్వ తక్వైతది గద సార్?"

"అయితది బిడ్డా, అబద్ధం జెప్ప. పళ్లెం పెద్దగ జేయుండ్రని ఇద్దరం గలిసి అడుగుదం, వస్తవా?" అన్నారు ఆయన. ఆ విద్యార్థి నవ్వి చెరుకు అందుకున్నాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. దళితుడు క్రైస్తవం తీసుకుంటే చట్టం దృష్టిలో ఎస్సీ కాకుండా పోతాడు. మన దగ్గర బీసీ-సి కింద చేరుతాడు. ఆ వాటా బహు ఇరుకు. అందుకే ఆ ఇళ్లలో చాలామందికి రెండు పేర్లుంటాయి, బడిలో ఒకటి, చర్చిలో ఒకటి. బడి పేరుతో కుల సర్టిఫికెట్ తీసుకుని చర్చి పేరును ఆదివారానికి దాచుకుంటారు. ఇంటర్ అయ్యాక ప్రకాశమన్న సర్టిఫికెట్ కోసం వెళితే గుమాస్తా, ఏం రాయమంటావని అడిగాడట. "చర్చికి పోతం సార్, గదే రాయుండ్రి" అన్నారట ఈయన. డాక్టరు కావాలన్న ఆశ ఆ మాటతోనే ఆవిరైపోయింది. తరువాత తమ్ముడు వెళ్లి బడి పేరు రాయించాడు. ఎస్సీ అయ్యాడు, ఆఫీసరూ అయ్యాడు. ఆ తమ్ముణ్ణి అన్న చర్చి పేరుతో పౌలు అనే పిలిచేవారు.

నాకు ఒళ్లు మండేది. "నిజం చెప్పిన నీకు బస్ పాసు, వానికి సర్కారు జీపు. ఇదేం న్యాయమన్నా?" అనేవాణ్ణి.

"వాడు అబద్ధమాడలే నర్సింలూ. మా వాడల పుట్టిండు, మా బాయి నీళ్లే తాగిండు. నేను జెప్పింది నిజమే, వాడు జెప్పింది నిజమే. ఒక్క బాపుకు పుట్టినోళ్లకు రెండు కులాలు ఎట్లొచ్చినయో, రాసినోళ్లనడుగు."

నిజామాబాద్‌లో ఆయనకు కిరాయి ఇల్లు చూడడానికి ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఇల్లు బాగుంది. ఇంటామె, "మీరేమోళ్లు సారూ?" అని అడిగింది. "క్రిస్టియన్లమమ్మా" అన్నారు ఈయన. ఆమె ఒక క్షణం ఆలోచించి, "గది సరే, అంతకుముందేమోళ్లు?" అంది. మేము తిరిగి బస్టాండుకు నడిచాం. దారి పొడుగునా ఆయన నవ్వుతూనే ఉన్నారు. "సర్కారేమో ఇప్పుడేందని అడుగుతది, ఇంటామేమో అంతకుముందేందని అడుగుతది. ఇద్దరి నడుమ నేను గడపల్నే నిలవడ్డ." ఆయన ఆ తరువాత ఇల్లు వెతకనే లేదు. చివరిదాకా బోధన్ బస్సులోనే తిరిగారు.

తమ్ముడు ఇంటికి వచ్చేవాడు కాదు. చర్చికి వెళ్లే అన్నతో కనబడితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని ఎవడో ఒకడు పిటిషన్ పెడతాడని భయం. ఎప్పుడైనా ఇద్దరూ నిజామాబాద్ బస్టాండులో కలిసేవారు. ఒకసారి చూశాను. ఒకే బెంచీ మీద, మధ్యలో మరో మనిషి పట్టేంత ఎడంతో, బస్సు కోసం ఆగిన పరాయివాళ్లలా చెరో చాయ్ తాగుతున్నారు. బస్సు వచ్చింది. అన్న లేచి వెళ్లిపోయారు. తమ్ముడు తలెత్తలేదు. నాకు అంతవరకూ అతని మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు.

ఈస్టర్ ముందు వాళ్లు సమాధులకు సున్నం వేస్తారు. నేనూ బకెట్ పట్టుకుని తోడు వెళ్లేవాణ్ణి. అవ్వ, బాపుల సమాధులకు వేశాక, పక్కనే తన కోసం ఉంచుకున్న జాగ దాటి, ఇంకొక ఖాళీ జాగలో అన్న గడ్డి పీకి, చుట్టూ సున్నంతో గీత గీసేవారు. ఉత్త మట్టికి సున్నమెందుకని విసుక్కున్నాను.

"గది పౌలుది. మనిషి ఎట్లాగూ రాడు, జాగన్న ఉండనీ."

అంత్యక్రియల నాడు శిష్యులు చాలామంది వచ్చారు. అందరి చేతుల్లో ఫోన్లు. శ్మశానం గేటు బయట, ఆటోల వెనుక, మూతికి రుమాలు కట్టుకుని పౌలు నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్లి, "లోపలికి రాండ్రి, మట్టి వెయ్యుండ్రి" అన్నాను.

"బిడ్డకు ఇప్పుడిప్పుడే కొలువొచ్చింది సార్. సర్టిఫికెట్లు ఇంకా చూస్తున్నరు. ఫోటోలు తీస్తున్నరు గద" అన్నాడు. వంగి గేటు బయటి మట్టినే పిడికెడు తీసి నా చేతిలో పోశాడు. తరువాత గేటు కమ్మీల సందులోంచి చూస్తూ అడిగాడు. "అన్న పక్కపొంటి సున్నం గీత ఉన్నది. గా జాగ ఎవలిది?"

"మీదే."

అతను కమ్మీలు గట్టిగా పట్టుకున్నాడు. "నన్ను గోదారొడ్డున కాలవెడ్తరు సార్. అన్నకు దెల్వదా?" అన్నాడు.

అన్నకు తెలుసు. తెలిసే ప్రతి ఏడూ గడ్డి పీకారు.

ఆ మట్టిని నేనే వేశాను. ఆయన గొప్పతనాన్ని పేరు పెట్టి కీర్తించే అదృష్టం నాకు లేదు. పేరు రాస్తే తమ్ముడు బయటపడతాడు. జీవితమంతా ఒక్క మాటా దాచని సత్యవాది పేరును, ఆయన సంస్మరణలోనే దాచవలసి వచ్చింది. ఇంతకన్నా నీచమైన పని జీవితం పెట్టిన ఏ పరీక్షా నాచేత చేయించలేదు.

అన్నా, ఈస్టరుకు సున్నం బకెట్ పట్టుకుని నేను వస్తాను. పౌలు జాగ చుట్టూ గీత నేనే గీస్తాను. వచ్చే పంటకు చెరుకు కూడా తెస్తాను. కానీ అది నమిలే ముందు కొట్లాడడానికి నాకెవరున్నారు?